బయట పెట్టని బిందెలు

బద్వేలు,
మంగళవారం.

చెల్లీ రెజీనా,

నా ఫోను నువ్వు ఎత్తవని తెలిసే ఈ ఉత్తరం. మీ ఊరికి సరుకు తెచ్చే లారీ ఓబులేసు వాకిట్లో నిలబడి, "ఏమక్కా, ఈ కాలంలో ఉత్తరమేంది?" అని నవ్వుతున్నాడు. "ఫోనయితే ఎత్తదు. నువ్వు చేతికిస్తే తీసుకోక యాడికి పోతాదప్పా?" అన్నాను.

పోయిన తుఫానప్పటి నా తప్పు మరిచిపోలేదు. ఏడాదిగా చినుకు లేని ఊరు కదా, వాన పడగానే బిందెలన్నీ బయట పెట్టి, నీకు ఫోను చేసి "శానా మంచి వాన పడతాందే, దేవుడు మా ప్రార్థన విన్నాడు" అన్నాను. అప్పటికే మీ ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. ముందు మీరెలా ఉన్నారని అడగాల్సింది. అడగలేదు.

ఎల్లుండికి మళ్లీ తుఫాను గాలి మీ తీరానికి వస్తుందట. ఓబులేసు రేపు పొద్దున తిరిగొస్తాడు, అందరూ ఆ లారీలోనే రండి. పడవకు కాపలా అంటూ మీ ఆయన నెహెమ్యాను అక్కడ ఉండనివ్వకు. కార్డులు, నీ బీపీ మాత్రలు ప్లాస్టిక్ కవరులో చుట్టుకో. ముందు గదిలో మంచాలు వేశాను.

ఇక్కడ అప్పుడే మబ్బు పట్టింది. ఆదివారం చర్చిలో వాన కోసం అందరూ లేచి నిలబడితే, నేను మాత్రం కూర్చునే ఉన్నాను. బిందెలు వంటింట్లోనే ఉన్నాయి. నువ్వు గడప దాటి లోపలికొచ్చాకే వాటిని బయట పెడతాను.

నీ రాకకు ఎదురుచూస్తూ,
అక్క