సిఫారసు చీటీ ఇవ్వలేదు

కరీంనగర్

బాపూ, నీకూ అవ్వకూ దండాలు. ఫోన్లో నా మాట సాగనియ్యవని కార్డు రాస్తున్నాను. గల్ఫ్ సహాయ కేంద్రంలో కొలువు కోసం లీడరు దగ్గరి నుంచి నువ్వు తెచ్చిన సిఫారసు చీటీ నేను అక్కడ ఇవ్వలేదు.

మా కాలేజీ పాఠంలో రెండు వందల ఏండ్ల కిందటి అమెరికా కాన్సుళ్ల సంగతి, అంటే పరాయి దేశాల్లో ఉండే ఆ సర్కారు ప్రతినిధుల సంగతి వచ్చింది. పరాయి రేవుల్లో చిక్కుకున్న తమ నావికులను ఆదుకోవడం వాళ్ల పని. పెద్దల పలుకుబడితో ఆ కుర్చీ ఎక్కిన కొందరు సొంత వ్యాపారం చూసుకున్నారు. రోగమొచ్చిన నావికులు దిక్కులేక రేవులోనే పడి ఉన్నారు.

అవ్వ మోకాళ్లకు మందు తెచ్చినవా? కమలవ్వ చిన్నమ్మకు నా దండం చెప్పు. దుబాయిలో చిన్నబాపు జాడ తెలియక ఆమె ఏడు నెలలు ఒక ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డప్పుడు, "చీటీల మీద వచ్చినోళ్లకు మన గోస ఏం ఎరుక" అన్నది నువ్వే బాపూ.

నీ బిడ్డ
స్పందన