అటక మీంచి దించిన లక్కపిడతలు

మంగళవారం రాత్రి

సాయంత్రం మనవడు చిన్ను అరుగు మీద లక్కపిడతలతో వంటాట ఆడుతున్నాడు. నా కొడుకు రమణ డ్యూటీ నుంచి వస్తూనే అవి లాక్కుని అటక మీద పడేశాడు. "ఆడపిల్లల ఆటలేటిరా నీకు? వీధంతా నవ్వుతున్నారు" అన్నాడు. పిల్లవాడు ఏడవలేదు. నా వంక చూశాడు.

స్టూలెక్కి పిడతలన్నీ దించాను. "గొలుగొండలో గానుగ కాడ బతుకంతా బెల్లం పాకం తిప్పినోణ్ణి. నన్ను ఆడదానివని ఎవడన్నాడో సెప్పరా. ఈణ్ణీ బెల్లం వండనీ" అన్నాను.

"బెల్లం కాదు తాతా, పాపకి ఉగ్గు" అన్నాడు చిన్ను, గుడ్డబొమ్మను ఒళ్ళోకి తీసుకుని.

రమణ పగలబడి నవ్వాడు. ఉగ్గు ఎలా కలుపుతారో కూడా నాకు తెలియదు. అయినా వాడి పక్కన కూర్చుని, "పలచగా కలుపు, పాపకి గొంతులో అడ్డం పడతాది" అన్నాను.

రేపు బడిలోనూ వీణ్ణి ఏడిపిస్తారేమో. అక్కడికి నేను వెళ్ళలేను. మా వీధిలో నవ్వేవాళ్ళు మాత్రం మా అరుగు ముందుకొచ్చి నవ్వాలి. సాయంత్రం నేనక్కడే ఉంటాను. గుడ్డబొమ్మ నా ఒళ్ళో ఉంటుంది.