కుడిపక్కకు లాగే ఈత

తిరుపతి,
గురువారం.

ప్రేమగల నాయనకు, నీ లోహిత రాస్తున్నది.

మరమగ్గాల మోతకు నీ చెవులు మొద్దుబారాక ఫోనులో మనకు కుదరడం లేదు కదా. అమ్మ చేత చెప్పించే మాట కూడా కాదిది. నేను నీకు అబద్ధం చెప్పాను నాయనా.

కుడి మోకాలి ఆపరేషన్ అయిన నాలుగో నెల నుంచి మళ్ళీ ఈదుతున్నానని రాస్తూ వచ్చాను. ఈదలేదు. డాక్టరు దిగమన్నాడు, కోచ్ సురేంద్ర సారు దిగమన్నాడు. నేను మాత్రం రోజూ ఈతకొలను గట్టు మీద కూర్చుని, జుట్టు తడుపుకుని హాస్టలుకు వచ్చేదాన్ని. నేను స్కూటరు జారి పడింది రోడ్డు మీద. భయం మాత్రం నీళ్ళంటే. ఇదేం వింతో అని నెలల తరబడి ఆలోచించాను. రోడ్డు మీద కుంటినా ఫర్వాలేదు, నీళ్ళలో కూడా కుంటితే ఇక నాకు మిగిలేదేమిటి? అదీ నా భయం.

పోయిన సోమవారం ఆడవాళ్ళ సమయంలో పెంచలమ్మ అని ఒకామె వచ్చింది. అలిపిరి దగ్గర పూలకొట్టు పెట్టుకుంది. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయితే, నీళ్ళలో నడవమని డాక్టరు పంపాడట. నడుము లోతులో కడ్డీ పట్టుకుని నిలబడి, గట్టు మీద ఉన్న నన్ను అడిగింది.

"పాపా, మనిషి తేలేది యాడ? రొమ్ము కాడా, నడుము కాడా?"

"రొమ్ము దగ్గర, పెద్దమ్మా. లోపల గాలి ఉంటుంది కదా."

"అట్లయితే కాళ్ళు మునగల్ల కదా?"

"మునుగుతాయి. అందుకే ఆడిస్తాం."

"ఆడించకుంటే ఏమవుతాది? నువ్వెప్పుడన్నా సూసినావా?"

చూడలేదు నాయనా. పన్నెండేళ్ళుగా ఈదుతున్నదాన్ని, కాళ్ళు ఆడించకుండా నీళ్ళలో ఒక్క నిమిషం కూడా ఉండలేదు. ఏమవుతుందో చూడాలనిపించింది. దిగిపోయాను. వెల్లకిలా పడుకుని, కాళ్ళు వదిలేశాను. ఎడమకాలు ముందు మునిగింది. కుడికాలు చాలాసేపు పైనే ఉండి, తీరిగ్గా కిందికి పోయింది. ఆపరేషన్ తర్వాత తొడ కండ తగ్గింది కదా, అందుకే తేలికేమో! పెంచలమ్మ పగలబడి నవ్వింది. "కోసిన కాలే బాగా తేల్తా ఉండాదే!"

ఆ మర్నాడు ఈదాను. చేతులతో బాగానే సాగింది. కానీ నేను పోటీల్లో ఈదేది కప్ప ఈత. రెండు కాళ్ళూ ఒక్కసారే విప్పి తన్నాలి. కళ్ళు మూసుకుని ఈదితే కుడి గోడకు పోయి తగిలాను. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ కుడి గోడే. నొప్పి లేదు, కుడికాలి తాపులో బలం లేదు. అది ఎందుకో, ఎట్లా సరవుతుందో తెలుసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. వచ్చే నెల రాష్ట్ర పోటీలకు పరుగెత్తాలని మాత్రం లేదు. నిన్న సురేంద్ర సారుతో చెప్పి నా పేరు తీయించేశాను.

నేను రాష్ట్ర పోటీలకు పోతున్నానని మగ్గాల వీధిలో అందరికీ నువ్వు చెప్పుకున్నావని అమ్మ అంది. వాళ్ళ ముందు నిన్ను తలదించుకునేలా చేశాను. ఆ సంగతి తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

ఒక్కటి చెప్పు నాయనా. బావిలో నాకు ఈత నేర్పింది నువ్వే. కాలు ఎట్లా తిప్పాలో నువ్వు మొదట ఎట్లా నేర్చుకున్నావు? నేను మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కోపం వచ్చినా సరే, జవాబు రాయి.

నీ
లోహిత


నగరి,
సోమవారం.

మా తల్లి లోహితకు, మీ నాయన మునిరత్నం రాసేది.

నీ జాబు మగ్గం ఆపి రెండు తూర్లు చదివినాను. కోపం రాలేదు. ఇన్ని నెలలు ఒక్కదానివే ఆ గట్టు మీద కూర్చోనుంటివే అని మాత్రం అనుకుంటి.

వీధికి జవాబు చెప్పేది నా పని. ఎదురింటి బాలచంద్ర నీ పోటీల సంగతి అడిగినాడు. "పాప ఈత కుడిపక్కకు లాగతా ఉండాదంట, ఎందుకో కనుక్కుంటా ఉండాది" అంటి. ఆయప్ప నవ్వలేదు. "ఒక పక్క పోగులు వదులైతే గుడ్డ గూడా అట్లనే లాగుతాది గదప్పా. బిగువుండే పక్కను తిట్టేది కాదు, వదులు పక్క సూసుకోవల్ల" అన్నాడు. నీకు పనికొస్తాదేమో చూడు.

ఇంగ నువ్వడిగిన దానికి వస్తాను. నాకు ఈత రాదమ్మా.

నవ్వులాటకు రాయలేదు. నీ నడుముకు తాడు కట్టి, బావి మెట్ల మీద నిలబడి అరిచింది నిజమే. ఆ తాడు రెండో కొన నా నడుముకు కట్టుకోనుంటి. నువ్వు మునిగితే నేనూ మునిగేదే గానీ నిన్ను తీసేది యాడిది! నాకు నీళ్ళంటే ఒణుకు. నీకు ఆ ఒణుకు రాకూడదని నేర్పించాలనుకుంటి. బావిలో కప్పల్ని చూసి, అవి ఎట్లా తన్నితే అట్లా తన్నమని నీకు చెప్తా ఉంటి. నువ్వు ఒక్కరోజు గూడా "నువ్వు దిగు నాయనా" అనలేదు. నేను బతికిపోతి. అబద్ధం నీదొక్కటే కాదు.

మగ్గం కాడ నిలబడీ నిలబడీ నా మోకాళ్ళు గూడా అరిగిపోయినాయి. మీ అమ్మకు తెలీదు. ఆ పెంచలమ్మ నడిచే చోటు నడుము లోతేనా? నిలబడితే నేల తగుల్తాదా? ఏం గుడ్డలు కట్టుకోవల్ల? నీళ్ళలో చెవులు మునిగితే ఎవురికైనా నా మాదిరే వినపడదంటారే, నిజమేనా? ఆడోళ్ళనూ మొగోళ్ళనూ కలిపి దిగనిచ్చే టైము సురేంద్ర సారును అడిగి పెట్టు.

ఆదివారం ఏడున్నర బస్సుకు వస్తా ఉండాను. నేను చేసినట్లు మెట్ల మీద నిలబడి చెప్పొద్దు. ముందు నువ్వు దిగు. నీ ఎనక నేను దిగుతాను.

మీ నాయన
మునిరత్నం