మే 18: గాలి లేదు, మబ్బు లేదు

2003 మే 17, శనివారం

ఎండ. ఉదయం ఎనిమిదిన్నరకే వ్యవసాయ ఫారంలో మా వాతావరణ యార్డు కంచె తీగ ముట్టుకోలేకపోయాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ గంటలు కొలిచే గాజు బంతి వెనక పెట్టిన అట్ట సాయంత్రానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలింది, మధ్యలో ఎక్కడా తెగలేదు.

రేపు ఐనవిల్లి. అక్క మనవరాలికి అన్నప్రాసన. ఆదివారం ఫారానికి ఎవరొస్తారు? సోమవారం వెళ్ళి రెండు రోజులవీ కలిపి రాసేయొచ్చు.

మే 19

నిన్న భోజనాలయ్యాక అందరం పందిట్లో కూర్చున్నాం. ఐదు దాటిందేమో, పడమటి వైపు నల్లగా లేచింది. బావగారు "ఓర్నాయనో, లోపలికి పదండి" అనేలోపే గాలి. షామియానా గుంజలతో సహా లేచి పక్కవాళ్ళ కొబ్బరిచెట్లకి చుట్టుకుంది. పావుగంట చీకటి. చుక్క వాన లేదు. తర్వాత మళ్ళీ ఎండ, ఏమీ ఎరగనట్టు.

పొద్దున్న యార్డులో చూస్తే వాన కొలిచే గొట్టం పొడిగా ఉంది. ఆ గాలి ఇక్కడ కూడా వచ్చిందా? ఎవరినడగను? అడిగితే నువ్వెక్కడున్నావంటారు. శనివారం అంకెలే కాస్త అటూ ఇటూ చేసి ఆదివారానికీ వేశాను. గాలి లేదు. మబ్బు లేదు. బంతి దగ్గర శనివారం అట్టే ఉండిపోయింది. రెండు రోజుల కాలిన గీతలూ ఒకదాని మీదొకటి. చించి పారేశాను.

పన్నెండింటికి ఆఫీసులో అంటున్నారు — నిన్న సాయంత్రం వైనతేయ పాయలో పడవ బోల్తా కొట్టిందట. ముగ్గురు పోయారట. మన రేవే.

మే 21

పడవ నాగేశుది. నేను ఎన్నిసార్లు ఎక్కానో. "మధ్యకొచ్చి కూర్చోండమ్మగారూ" అనేవాడు, ఎక్కిన ప్రతివాళ్ళతోనూ. పోయినవాళ్ళు ఒక తల్లీ, ఆవిడ కూతురూ, ఇంకో ముసలాయన. పోలీసులు నాగేశుని పట్టుకెళ్ళారు. జనాన్ని ఎక్కువ ఎక్కించాడనీ, తాగి ఉన్నాడనీ. వాడు మాత్రం గాలి, గాలి అంటున్నాడట.

మే 22

రిజిస్టరు తెరిచాను. మళ్ళీ మూసేశాను.

జులై 9

నాగేశుకి బెయిలు రాలేదు. రాజమండ్రి జైలు. నది ఒడ్డునే కట్టారుట కదా, గోదారి కనిపిస్తుందా వాడికి…

సెప్టెంబరు 16

కోర్టు నుంచి ఫారానికి ఉత్తరం. మే 18వ తేదీన ఈ ప్రాంతంలో వాతావరణం ఎలా ఉంటుందో, గత పదేళ్ళ రికార్డు కావాలి. సూర్యోదయం, సూర్యాస్తమయం, ఎండ ఎన్ని గంటలు, గాలి, మబ్బు, వాన. ముఖ్యంగా ఈ ఏడాది ఆ రోజుది. ఆఫీసరు గారు నా టేబుల్ మీద పెట్టి, "మీ సబ్జెక్టే కదమ్మా. రెండు రోజుల్లో ఇచ్చేయండి" అన్నారు.

నోరు తెరవడానికి అదే సమయం. తెరవలేదు.

సెప్టెంబరు 17

పొద్దుటి నుంచి పాత రిజిస్టర్లు. ఒక్క తేదీని పట్టుకుని ఏడాది తరవాత ఏడాది వెనక్కి వెళ్ళడం. చిత్రంగా ఉంది — ఆ రోజు సూర్యుడు మాత్రం ఎప్పుడూ ఒక్కలాగే. ఐదున్నరకి పైకి, ఆరూ ఇరవయ్యారుకి కిందికి. ఒక నిమిషం తేడా లేదు. మిగతాదే ఏ ఏటికి ఆ ఏడు. తొంభై అయిదులో సాయంత్రం ఈదురుగాలి. తొంభై ఎనిమిదిలో మనుషులు రాలిపోయిన ఎండ. రెండువేల ఒకటిలో మధ్యాహ్నం మబ్బు, నాలుగు చినుకులు.

తొంభై ఆరుదీ తొంభై ఏడుదీ పక్కపక్కన పెట్టి చూశాను. వేడి ఒకటే. ఎండ గంటలు ఒకటే. పాయింటు తరవాత అంకె కూడా ఒకటే. రెండూ నా చేతిరాతే. తొంభై ఏడు మేలో నాకు టైఫాయిడ్. నెలంతా మంచం మీద ఉన్నాను. మరి రాసిందెప్పుడు?

సెప్టెంబరు 19

టైపు చేసి ఇచ్చాను. 2003: సూర్యాస్తమయం 6.26. గాలి లేదు. మబ్బు లేదు. సాయంత్రం దాకా పూర్తి ఎండ. చదువుతుంటే ఎంత చక్కటి రోజో అనిపించింది. కింద "రిజిస్టరుకు సరియైన నకలు" అని ఉంది. అదొక్కటే నిజం. సంతకం చేశాను.

అక్టోబరు 5

నాగేశు భార్య మంగ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, రమ్మన్నా రాలేదు.

"అమ్మగారండీ, ఆ రోజు గాలి లేదని మీ ఆఫీసోళ్ళు రాసిచ్చేరంటండి."

"రిజిస్టర్లో ఏముంటే అది ఇస్తాం, మంగా."

"ఆయ్. మరి గాలొచ్చిందండి. మా ఇంటి రేకు లేచి చెరువులో పడింది. మీరు గానీ చూడలేదా అండి?"

ఏమన్నాను? తలనొప్పిగా ఉందన్నాను. మళ్ళీ వస్తానంది. రాకపోతే బాగుండునని ఉంది.

అక్టోబరు 6

రాలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూశాను.

2004 జనవరి 21

సాక్షిగా రమ్మని నాకే కాగితం. ఫిబ్రవరి 12, అమలాపురం. కాఫీ తాగుతూ మా ఆయనతో అంతా చెప్పాను. మొదటిసారి. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"రిజిస్టరు చూసి చదివెయ్యి. చదవడం అబద్ధం కాదుగా."

"అందులో ఉన్నది అబద్ధమండీ."

"ఎనిమిదేళ్ళ సర్వీసుంది నీకింకా."

"వాడికి ఎన్నేళ్ళు వేస్తారో తెలుసా?"

 స్నానానికి లేచి వెళ్ళారు.

ఫిబ్రవరి 11

అన్నం సయించలేదు. ఆకాశం తేటగా ఉంది. నమ్మబుద్ధి కాదు.

ఫిబ్రవరి 12

అయింది.

నాగేశు సగానికి సగం అయ్యాడు. బోనులో నిలబడి నన్ను చూసి అలవాటుగా తల వంచాడు. నాకు దండం పెట్టబోయి, కానిస్టేబుల్ చూస్తే చేతులు దింపేశాడు.

ప్రభుత్వ లాయరు నా కాగితం చదివించారు. వేడి, ఎండ, సూర్యాస్తమయం. "అంటే పడవ మునిగిన ఐదున్నరకి పట్టపగల్లా వెలుతురు ఉందన్నమాట."  చెప్పాను — ఆ రోజు నేను యార్డుకి వెళ్ళలేదు. ముందురోజు అంకెలు వేశాను. నేను ఐనవిల్లిలో ఉన్నాను. ఐదు దాటాక గాలి వచ్చింది, చీకటయింది, నా కళ్ళతో చూశాను.

 వెనక బెంచీలో ఒకావిడ ఏడుపు ఎత్తుకుంది. పోయిన ముసలాయన కూతురట.

లాయరు గారు కోప్పడలేదు. నెమ్మదిగా అడిగారు, "సరేనమ్మా. పదేళ్ళ రికార్డు ఇచ్చారు. ఇందులో మీరు చూసి రాసినవెన్ని, చూడకుండా రాసినవెన్ని?"

తెలియదన్నాను.

"అప్పుడు అబద్ధం రాశారు. ఇప్పుడు నిజం చెబుతున్నారని మేమెలా నమ్మాలి?"

దానికీ తెలియదనే అన్నాను. జడ్జి గారు రాసుకున్నారు. ఏం రాసుకున్నారో.

బయట వేపచెట్టు కింద మంగ. దగ్గరికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. "మీ మాట పనికొస్తదో రాదో తెలీదంటున్నారండి మా లాయరు గారు. మే నెల్లోనే చెప్పుంటే వేరుగా ఉండేదన్నారు." అంతే. బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 13

తీర్పు వచ్చే నెల ఇరవై మూడున. ఆఫీసులో నాతో ఎవరూ మాట్లాడలేదు. యార్డు తాళం అడిగి తీసుకున్నారు.

ఫిబ్రవరి 18

మెమో. సర్వీసు మొత్తంలో, చూడకుండా నమోదు చేసిన తేదీలన్నీ వరసగా రాసి పదిహేను రోజుల్లో సమర్పించాలి. ఆఫీసరు గారు చేతికిస్తూ గొంతు తగ్గించారు. "ఆ ఒక్క రోజే అని రాసెయ్యండమ్మా. అందరికీ మంచిది. ఈ రికార్డులు చూసే కరువనీ, పంట నష్టమనీ ఎన్నో తేలుస్తారు పైన. కదిపితే ఎక్కడిదాకా పోతుందో."

ఇంట్లో మా ఆయన కూడా అదే మాట. ఒక్కటే అను.

ఫిబ్రవరి 22

ఆదివారం. ఆయన ఊళ్ళోకి వెళ్ళారు. కిటికీ దగ్గర కూర్చుని తెల్ల కాగితం తీశాను. 1 అని వేసి, ఎదురుగా 18-5-2003 అని రాశాను. కలం పక్కన పెట్టాను. లేచి పొయ్యి మీద పాలు చూసి వచ్చాను.

కింద 2 అని వేశాను.