పొట్టేలు బీజాల వేపుడు

తాడేపల్లిగూడెం
ధాత సంవత్సరం, మాఘమాసం, ఆదివారం రాత్రి

అత్తయ్యగారు మాంసం కొట్టు మస్తాన్ గారికి ముందే చెప్పి, ఇవాళ పొట్టేలు బీజాలు తెప్పించారు. అవి తింటే మగవాళ్లకు సంతానం కలుగుతుందట. "లోపం నీలోనే ఉందని ఎందుకనుకోవాలమ్మా? వాడిక్కూడా పెట్టి చూద్దాం" అని నా చెవిలో అన్నారు. పైపొర ఒలిచి, అల్లం, మిరియాలు పట్టించి నేనే వేయించాను. ఎందుకు వండామో తెలిస్తే ఆయన ఊరుకోరు.

"ఏమిటమ్మా ఇది? మెత్తగా బాగుందే" అన్నారు ఆయన తింటూ.

అత్తయ్యగారు దాచలేక చెప్పేశారు. ఆయన మొహం ఎర్రబడింది. కంచం విసురుతారేమోనని తలుపు చాటుకు జరిగాను. విసరలేదు. నన్ను పిలిచి, మిగిలిందంతా వడ్డించమన్నారు, అదీ తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నారు: "తిన్నానుగా అమ్మా, ఇంక లోపం నాది కాదు. ఉగాది దాకా చూసి, నాకు రెండో పెళ్లికని వచ్చిన ఆ ఆకివీడు సంబంధానికి కబురు పెడదాం."

పాపం, అత్తయ్యగారు నాకు మేలు చెయ్యబోయారు. ఆ తర్వాత నావైపు చూడలేకపోయారు.

ఆయన హాయిగా నిద్రపోతున్నారు. నాకు మాత్రం ఒకటే భయం. వచ్చే నెల నేను బయట చేరితే, ఆ మాట అత్తయ్యగారికి ఏ నోటితో చెప్పను?