మొహం తెరుచుకునే హెల్మెట్

బుధవారం.

ఏలూరు వెళ్ళి ఆయనకి హెల్మెట్ కొన్నాం. మా అబ్బాయి శీను పోయాక ఆయన హెల్మెట్ ముట్టింది లేదు. ఇలాంటిదొకటి ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. గడ్డం దగ్గర ఎర్ర బొత్తం నొక్కి ఎత్తితే ముందు భాగమంతా నుదుటి మీదకి లేచింది, ఆయన మొహం మొత్తం కనబడింది. అలా చూస్తూ ఉండిపోయాను.

"బుగ్గల్ని పట్టినట్టుండాలి బాబాయిగారూ. బండి కదిలే ముందు దించెయ్యాలి, టక్ మనాలి," అన్నాడు కొట్టు కరీం.

"ఇంత బిగువైతే తల మీ కొట్లోనే వదిలేసి వెళ్ళాలయ్యా," అన్నారాయన. ఆయన నోట వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో.

పెద్దవాళ్ళు పలకరిస్తే మొహం కనబడేలా మాట్లాడమని శీనుకి నేర్పింది నేనే. ఆ రోజు ఆకివీడులో ఎవరో పెద్దాయన పిలిస్తే హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టి మాట్లాడాడట. దాన్ని అక్కడే మర్చిపోయి బయల్దేరాడు. మలుపులో చేపల లారీ...

సాయంత్రం ఆయన చేపల చెరువుల మీదకి వెళ్తుంటే మా ఇంటి ముందే పెదమామయ్యగారు ఆపారు.

"ఎవడ్రా లోపల?"

ఆయన బొత్తం నొక్కి మొహం చూపించారు. "నేనే పెదనాన్నా. ఒంట్లో ఎలా ఉందండీ?"

మర్యాదా తప్పలేదు, హెల్మెట్టూ తియ్యలేదు. ఇంత సులువా అనిపించింది నాకు.

బండి కదలబోతుంటే గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. టక్ మంది.

లోపలికొచ్చి మేకుకున్న శీను హెల్మెట్ తుడిచాను. దాని మీద ఒక్క గీత కూడా లేదు.