ఆ వీపు ఎవరిది?

దస్తగిరీ,

నువ్వు పోయి ఏడాదయింది. నీ బొమ్మలు ఢిల్లీ, బొంబాయి గోడలెక్కాయి గానీ మన కర్నూలులో మాత్రం నువ్వు ఒక్కసారీ పెట్టనియ్యలేదు. బండల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, పగిలిన నాపరాళ్ల మీద బొగ్గుతో నువ్వు గీసిన మనుషుల్ని చూసి తోటివాళ్లు నవ్వారు. "ఏమప్పా, చేతులు మోకాళ్లు దాటిపోతాండాయి, మనిషా, కొండముచ్చా?" అన్నారు. ఆ నవ్వు నిన్ను చివరిదాకా వదల్లేదు.

ఈ ఆదివారం నీ బొమ్మల్ని ఇక్కడొక హాల్లో పెట్టించి, భయపడుతూనే ఆ ఫ్యాక్టరీవాళ్లను పిలిచాను. లెక్కలు రాసుకునే నాకు బొమ్మల గురించి చెప్పడం రాదు. బండ ఎత్తుతున్న మనిషిని వెనకనుంచి గీశావే, దాని ముందు అందరూ ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు.

"ఈ వీపు నాదే," అన్నాడు మద్దిలేటి.

"నీ మొగం! నాది. బండెత్తితే చేతులు ఇట్లే సాగిపోతాయి," అన్నాడు హుసేనప్ప.

ఇద్దరూ అంగీలు విప్పి, వీపులు తిప్పి నిలబడ్డారు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఉండనీప్పా! బొమ్మ గీసింది మా తమ్ముడు," అని అరిచాను. హాలంతా నావైపు తిరిగింది.

తగువింకా తెగలేదు. వీపు ఎవరిదో తేల్చడానికి రేపు ఇద్దరూ పెండ్లాల్ని పిలుచుకొస్తారంట.